ఆర్డరు రాని ఏడాది ఆవకాయ



పాస్టరు గారి ఇల్లు అనగానే మీ కళ్ల ముందు ఏం కదులుతుంది? గుడి పక్కన ఇల్లు. ముందు వరండా, నాలుగు కుర్చీలు. వచ్చేపోయే జనం. ప్రార్థన చేయించుకోవడానికి ఒకరు, బిడ్డ బాప్తిస్మం రోజు ఖాయం చేసుకోవడానికి ఒకరు, ఏ పనీ లేకుండా కాసేపు కూర్చుని మనసు తేలిక చేసుకుని పోవడానికి ఇంకొకరు. లోపల వంటింట్లో పాస్టరమ్మ గారు, పొయ్యి మీద టీ గిన్నె. అది మీలో చాలామంది చూసిన ఇల్లే.

ఇవాళ నేను మాట్లాడేది ఆ ఇంటి గురించి కాదు. ఆ ఇంట్లోకి ఇంకా అడుగుపెట్టని కుటుంబం గురించి. చదువు అయిపోయింది. పట్టా చేతికొచ్చింది. పాస్టరుగా పనిచేయాల్సిన పారిష్ మాత్రం ఇంకా రాలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది, వచ్చే నెల కమిటీలో తేలుతుంది. అలా ఎదురుచూసే ఇంటి గురించి. ముఖ్యంగా ఆ ఇంట్లో వంట గురించి.

వంట గురించే ఎందుకు అంటారా? ఎదురుచూసే ఇంట్లో మన చేతుల్లో ఉండేది అదొక్కటే కాబట్టి. ఏ ఊరు వెళ్తామో మన చేతుల్లో లేదు. ఎప్పుడు వెళ్తామో మన చేతుల్లో లేదు. పిల్లలు ఏ బడిలో చదువుతారో తెలియదు. మధ్యాహ్నం ఏం వండాలి, ఎన్నింటికి వడ్డించాలి అన్నది మాత్రం మన ఇష్టం. ఆ కాస్త ఇష్టాన్నీ వదులుకోకూడదు. ఇవాళ నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ముందు ఈ ఎదురుచూపు ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం చెప్పాలి. గుంటూరు, పల్నాడు, గోదావరి జిల్లాల్లో మా లూథరన్ సంఘాలు చాలా ఉన్నాయి. ఫాదర్ హయ్యర్ అని మా పెద్దలు చెప్పుకునే మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 49. భార్య పోయిన మనిషి. సముద్రాలు దాటి వచ్చిన ఆయన్ని గుంటూరులో ఆదరించి నిలబెట్టింది అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ గారు. అంటే మా సంఘం మొదలైందే ఇంకొకరి ఆతిథ్యంలో. ఆ మొలకే పెరిగి పెరిగి, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడింది.

ఈ సంఘంలో పాస్టరు కావాలంటే దారి పొడుగైనదే. సొంత ఊరి సంఘం సిఫారసు చేయాలి. పెద్దల ముందు ఇంటర్వ్యూకి నిలబడాలి. తర్వాత వేదాంత విద్య. మావాళ్లు ఎక్కువగా ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువుతారు. అది 1964లో రాజమండ్రిలో మొదలై, ఆ తర్వాత హైదరాబాదుకు తరలింది. అక్కడ లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వాళ్లు కలిసి చదువుకుంటారు. చదువు అయ్యాక ఒక పెద్ద పాస్టరు గారి దగ్గర పని నేర్చుకోవాలి. అభిషేకం. ఆపైన ఫలానా పారిష్‌కు వెళ్లమని ఆర్డరు. ఎక్కడైనా ఒక పాస్టరు గారు రిటైరవ్వాలి, లేదా బదిలీ కావాలి. అప్పుడు గాని చోటు ఖాళీ అవదు. ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఆగడం అంటే ఒక మనిషి ఆగడం కాదు. భార్య ఆగాలి, పిల్లలు ఆగాలి, ఇంట్లో ముసలివాళ్లు ఆగాలి.

మేమూ అలాగే ఆగాం. హైదరాబాదులో చదువు ముగించుకుని, ఇద్దరు పిల్లలతో, మూటా ముల్లెతో సత్తెనపల్లి వైపు ఉన్న మా అత్తగారి ఊరు చేరాం. మా మామయ్య మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. పెంకుటిల్లు. వెనక పెరడు. పెరట్లో మునగచెట్టు, దడి మీద చిక్కుడు పాదు, బావి గట్టున గోంగూర మొక్కలు.

దిగిన రోజు మా సామాను ముందు గదిలో కట్టలు కట్టినట్టే ఉంది. కదలాల్సిన సామానే కదా. మా అత్తమ్మ వచ్చి వంటసామాను మూట ముందు వేసుకుని ముడి విప్పేసింది. ఒక్కొక్క గిన్నే గూట్లో సర్దింది. "పూటపూటకీ గిన్నె వెతుక్కుంటా వండితే ఆ తిండి ఒంటికి పట్టదమ్మాయ్" అంది. నా పోపులడబ్బా తన పోపులడబ్బా పక్కన పెట్టింది. ఆ సాయంత్రం నుంచి వంట ఇద్దరిదీ.

ఎదురుచూసే ఇంట్లో మొట్టమొదట చెడిపోయేది వేళ. మీ ఇళ్లలోనూ చూసి ఉంటారు. ఉద్యోగం కోసం చూసే కొడుకున్న ఇల్లయినా, బదిలీ కోసం చూసే అల్లుడున్న ఇల్లయినా అంతే. పనికి వెళ్లే మనిషైతే ఇన్నింటికి లేవాలి, ఇన్నింటికి తినాలి. వెళ్లాల్సిన పని లేనప్పుడు రాత్రి నిద్ర పట్టదు, పొద్దున మెలకువ రాదు. పదకొండింటికి కాఫీ, మూడింటికి అన్నం. ఆ తర్వాత కంచాలు విడివిడిగా పడతాయి. ఒకరు తినేటప్పుడు ఇంకొకరు పడుకుని ఉంటారు. ఇంట్లో గొడవలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. ఇది ఆడవాళ్లు గమనిస్తారు, బయటికి అనరు. సంపాదన లేని రోజుల్లో మగమనిషి కంచం దగ్గర తగ్గిపోతాడు. మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతాడు. "ఆకలి లేదు" అంటాడు. ఉన్న ఆకలిని లేదంటాడు. మావారు గొంతెత్తి ప్రసంగం చేస్తే గుడి బయట చెట్టు కిందిదాకా వినిపించేది. ఆ మనిషి నాన్నగారి పెన్షను డబ్బులతో వండిన అన్నం ముందు కూర్చుని, గొంతు పెగలక, "చాల్లే" అనేవారు. మా మామయ్య తలెత్తేవారు కాదు. ఆయనకూ అర్థమయ్యేది.

మా అత్తమ్మ దీనికి ఉపన్యాసం ఇవ్వలేదు. పని ఇచ్చింది. "ఒరేయ్, ఆ కొబ్బరికాయ కొట్టి తురిమి పెట్టు. ఒరేయ్, రోలు కడుగు, పచ్చడి తొక్కాలి." వేదాంతం చదివిన కొడుకు రోటి ముందు కూర్చున్నాడు. గోంగూర ఉడికించి, వేయించిన ఎండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి వేసి తొక్కడం మొదలుపెట్టాడు. చేతులకు పని తగిలాక ఆకలి దానంతటదే వచ్చింది. తను తొక్కిన పచ్చడిని తను కాదనుకోలేడు కదా. ఆ రోజు మారు వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టలేదు.

అప్పుడే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఏడున్నరకు అందరం కలిసి కూర్చోవాలి. రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక కీర్తన. ఏ కీర్తనో ఎంచేది మా అమ్మాయి. ఫోను వచ్చినా, చుట్టాలొచ్చినా, మంచి కబురొచ్చినా, రాకపోయినా, ఏడున్నరకు కంచాలు పడాల్సిందే. వింటున్నవాళ్లలో ఎవరైనా ఇలా ఏదో ఒక ఆర్డరు కోసం చూస్తూ ఉంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. కూరలు ఎన్ని అన్నది తర్వాత సంగతి. వేళ తప్పనివ్వకండి.

ఇక కూరల సంగతి. మా ఇంట్లో ఆ ఏడాది ఎక్కువగా వండింది మునగాకు, తెలగపిండి. పట్నంలో పెరిగిన పిల్లలకు తెలగపిండి తెలియకపోవచ్చు. నువ్వుల నుంచి నూనె తీశాక గానుగలో మిగిలేది. బాలింతకు పాలు పడతాయని పెడతారు. చవకగా వస్తుంది. నీళ్లలో ఉప్పు, పసుపు వేసి మునగాకు ఉడకనివ్వాలి. ఆకు మెత్తబడ్డాక తెలగపిండి చల్లి, నీరంతా ఇగిరేదాకా సన్నని సెగ మీద ఉంచాలి. గరిటెతో అదేపనిగా కెలకకూడదు, ముద్దయిపోతుంది. పొడిపొడిగా రావాలి. ఆపైన వెల్లుల్లి దండిగా వేసి ఎండుమిరపకాయలతో తాలింపు. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క. పిల్లలు మొదట ముఖం చిట్లించారు. తర్వాత్తర్వాత వాళ్లే అడిగి వేయించుకున్నారు.

కారానికి మాకు ఇబ్బంది ఉండేది కాదు. గుంటూరు సీమ కదా. మిరపకోతల కాలంలో కళ్లాల్లో కాయలు ఏరేటప్పుడు తాలుకాయలు విడిగా తీస్తారు. రంగు తగ్గి, అక్కడక్కడ తెల్లబడిన కాయలు. మంచి కాయ రేటు వీటికి రాదు. అవి కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, కొద్దిగా మంచి కాయ కలిపి కారం పట్టించేది అత్తమ్మ. రంగు కాస్త తక్కువ, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వేసవి వచ్చింది. ఊళ్లోకి మామిడికాయల బండ్లు రావడం మొదలైంది. ఏ ఇంటి ముందు చూసినా చాపల మీద మిరపకాయలు, మేడల మీద ఎండుతున్న ఆవాలు. మా ఇంట్లో ఒక ప్రశ్న. ఈ ఏడు ఆవకాయ పెట్టాలా, వద్దా? పెడితే ఎంత పెట్టాలి?

చిన్న ప్రశ్నలా వినిపిస్తుంది. కాదు. ఆవకాయ అంటే ఏడాది మాట. ఈ ఇంట్లో, ఈ మనుషులం, ఏడాది పాటు కలిసి తింటాం అని నమ్మితేనే పెద్ద జాడీ దించుతాం. రేపో మాపో కదిలే కుటుంబం ఏ ధైర్యంతో పెడుతుంది? నేను అత్తమ్మతో అన్నాను, "మీ ఇద్దరికీ సరిపడా పెడదాం అత్తమ్మా. మేం ఎక్కడుంటామో ఏమో." ఆమె కాయలు ఏరుతూ తలెత్తకుండానే జవాబు చెప్పింది. "ఎక్కడున్నా తినేది అన్నమే గదమ్మాయ్? పెద్ద జాడీ దించు."

పెద్ద జాడీ దించాం. కాయలు నీళ్లలో వేసి, కడిగి, పాత పంచె గుడ్డతో ఒక్కొక్కటీ తుడవడం మా మామయ్య పని. తడి మిగిలితే బూజు పడుతుంది. ఆయన బడిపిల్లల పలకలు చూసినట్టు ప్రతి కాయనీ నాలుగు వైపులా తిప్పి చూసి గాని చాప మీద పెట్టేవారు కాదు. కాయ కొట్టడం మావారి పని. టెంకతో సహా ముక్క రావాలి. టెంక లేని ముక్క నెల తిరిగేసరికి మెత్తబడిపోతుంది. ముక్కల్లోంచి జీడి తీసి, టెంకను అంటుకుని ఉండే పల్చటి పొర గీకడం నాదీ, మా అమ్మాయిదీ. పిల్లవాడి పని వెల్లుల్లి రెబ్బలు లెక్కపెట్టడం. వాడికి అప్పటికి లెక్క ఇంకా సరిగా రాదు, అయినా గట్టిగా లెక్కపెట్టేవాడు.

ఆవపిండి, కారం సమానం. ఉప్పు కొంచెం తగ్గించి. గుప్పెడు మెంతులు. కల్లుప్పు ఎండలో పెట్టి దంచుకున్నదే వాడాలి. అన్నీ పెద్ద పళ్లెంలో కలిపి, నువ్వులనూనెలో ముంచిన ముక్కల్ని ఆ పిండిలో దొర్లించి, గుప్పెడు గుప్పెడుగా జాడీలో వేశాం. పైన నూనె పోసి, మూతికి గుడ్డ కట్టాం. మూడోనాడు గుడ్డ విప్పి తిరగకలిపేసరికి నూనె పైకి తేలింది. ముక్కకు ఉప్పు పట్టింది. పళ్లెంలో మిగిలిన పిండిలో వేడన్నం వేసి కలిపి, అత్తమ్మ అందరికీ ముద్దలు పెట్టింది. మావారికీ పెట్టింది. అంత పెద్ద మనిషి నోరు తెరిచి ముద్ద అందుకున్నారు.

శ్రోతలారా, ఆ రోజు మా ఇంట్లో ఆర్డరు మాట ఎవరూ ఎత్తలేదు. ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టిన ఇంట్లో ఆదుర్దా కొంత సద్దుమణిగింది. అందుకే చెబుతున్నాను. ఎదురుచూసే ఏడాదిలో కూడా పచ్చడి ఏడాదికి సరిపడానే పెట్టండి. సగం జాడీ పెట్టకండి. విత్తనం వేయాల్సింది ఉంటే వేయండి. పిల్లల్ని ఉన్న ఊరి బడిలోనే చేర్చండి. తర్వాత టీసీ తీసుకోవచ్చు. ఆర్డరు వచ్చాక బతుకుదాం అని ఇప్పటి బతుకును కట్టగట్టి మూల పెట్టకండి.

మా లూథరన్ల చరిత్రలో ఇలా ఎదురుచూసిన ఒక ఇల్లాలు ఉంది. కాతరీనా ఫాన్ బోరా. మార్టిన్ లూథరు గారి భార్య. ఆమె చిన్నప్పటి నుంచి కన్యల మఠంలో పెరిగింది. 1523లో ఈస్టరు రోజుల్లో కొందరు సన్యాసినులతో కలిసి, చేపలు సరఫరా చేసే ఒక వర్తకుడి బండిలో మఠం నుంచి తప్పించుకుని విట్టెన్‌బర్గ్ చేరింది. ఆ స్త్రీలకు ఒక్కొక్కరికీ ఏదో ఒక నెలవు దొరికింది. కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు పుట్టిళ్లకు వెళ్లారు. కాతరీనా మాత్రం మిగిలిపోయింది. నూరెంబర్గ్ యువకుడొకడు పెళ్లాడతాననుకున్నాడు, వాళ్ల ఇంట్లో ఒప్పుకోలేదు. సొంత ఇల్లు లేదు. రెండేళ్లు ఇతరుల ఇళ్లలో ఉంది. చిత్రకారుడు లూకాస్ క్రానాక్ ఇంట్లో కూడా ఉంది. అది పనివాళ్లు, శిష్యులు తిరిగే పెద్ద ఇల్లు. నాకేమనిపిస్తుందంటే, ఆమె ఆ రెండేళ్లూ ఊరికే కూర్చోలేదు. పెద్ద ఇల్లు ఎలా నడుస్తుందో కళ్లారా చూసింది.

1525 జూన్ 13న లూథరుతో పెళ్లయింది. కాపురం లూథరు గారు ఉండే పాత మఠంలో. ఆ మఠాన్ని ఆమె పదిమంది తినే ఇల్లు చేసింది. విద్యార్థులు, అతిథులు, అనాథ పిల్లలు, దిక్కులేక వచ్చినవాళ్లు అందరికీ అక్కడే భోజనం. తోట వేసింది. పందుల్ని, ఆవుల్ని పెంచింది. చేపల చెరువు చూసుకుంది. వాళ్ల దేశాచారం ప్రకారం బీరు కూడా ఇంట్లోనే కాచేది. భోజనాల బల్ల దగ్గర లూథరు గారు మాట్లాడిన మాటల్ని విద్యార్థులు రాసిపెట్టుకుంటే, ఆయన పోయాక 1566లో అవి పుస్తకంగా వచ్చాయి. లోకమంతా చదివింది. ఆ మాటలు అక్కడ పుట్టాలంటే ముందు ఆ బల్ల మీద వేళకు వేడి తిండి ఉండాలి. దాన్ని ఉంచింది ఆమె. ఆ పుస్తకం సంగతి విన్నప్పుడల్లా నాకు ఆమె చేతులే గుర్తొస్తాయి.

లూథరు గారు 1529లో పిల్లల కోసం చిన్న కాటికిజం రాశారు. మా లూథరన్ ఇళ్లలో పిల్లలు దాన్ని బట్టీ పడతారు. అందులో ప్రభువు నేర్పిన ప్రార్థనకు వివరణ ఉంటుంది. మా అనుదినాహారము దయచేయుము అంటామే, ఆ ఆహారం అంటే ఏమిటని ప్రశ్న. జవాబులో తిండీ బట్టా ఉన్నాయి, ఇల్లూ పొలమూ ఉన్నాయి, భార్యాపిల్లలున్నారు, మంచి పాలన, మంచి వాతావరణం ఉన్నాయి. చివరికి మంచి పొరుగువాళ్లు కూడా ఉన్నారు. మా అమ్మాయి ఒక రాత్రి ప్రార్థనలో ఇదంతా గడగడా చెప్పి, "అంటే రత్తమ్మ మామ్మ కూడా అనుదినాహారమేనా నాన్నా?" అని అడిగింది. రత్తమ్మ గారు మా పక్కింటావిడ. మా సంఘం మనిషి కాదు, వేరే ఆచారం. చేలోంచి వస్తూ దోసకాయో, గుమ్మడిబద్దో, ఇంత పచ్చిశనక్కాయో మా గుమ్మంలో పెట్టి, పిలవకుండా వెళ్లిపోయేది. మావారు "అవునమ్మా, ఆమే" అన్నారు.

ఆదివారాలు ఎక్కడైనా పాస్టరు గారు సెలవులో ఉంటే, ఆరాధన నడపమని మావారిని పిలిచేవారు. సైకిలు మీద, ఆటోల్లో వెళ్లేవారు. వచ్చేటప్పుడు చేతిసంచిలో రెండు సొరకాయలు, వంకాయలు, ఒక్కోసారి గుడ్లు. కోత పండుగ నాడైతే గుడి ముందు కానుకల వేలంపాట ఉంటుంది. రైతులు తెచ్చిన మొదటి పంట, ధాన్యం, కోళ్లు, కొబ్బరికాయలు అన్నీ పాట పాడతారు. తన బస్తాను తనే రెట్టింపు పాడి కొనుక్కునే రైతుల్ని చూశాను.

మా ఆడవాళ్ల కానుక ఇంకొకటి ఉంది. పిడికెడు బియ్యం. అన్నం వండబోయే ముందు, ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేస్తారు. ప్రతి పూటా అంతే. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. ఆ బియ్యం సంఘం అవసరాలకు, లేనివాళ్లకు, పాస్టరు గారి ఇంటికి. మేం ఎదురుచూసిన రోజుల్లో మా ఇంట్లో బియ్యం నెలాఖరుకు అడుగంటేవి. అప్పుడు కూడా అత్తమ్మ పిడికిలి మూయడం మానలేదు. "ఇవాళ్టికి వద్దులే అత్తమ్మా" అంటే, "తక్కువున్నప్పుడు పిడికిలి చిన్నదవుద్ది గాని, మానేది ఏముందమ్మాయ్" అనేది. ఇచ్చే చెయ్యిగానే ఉండాలని ఆమె పట్టుదల. మేం తీసుకునే స్థితిలో ఉన్నామన్న మాట ఆ పిడికెడు బియ్యం మాకు గుర్తుకు రానిచ్చేది కాదు.

లేనివాళ్లకు ఇలా తిండి అందించే ఏర్పాటు దూరదేశాల్లోనూ ఉంది. అమెరికాలో మిస్సోరి సినాడ్ అనే లూథరన్ సంఘం ఉంది. వాళ్లకు సెయింట్ లూయిస్‌లో ఒకటి, ఫోర్ట్ వేన్‌లో ఒకటి పాస్టర్ల కళాశాలలున్నాయి. వేసవికి ముందు ఒక సాయంత్రం చదువు ముగిస్తున్నవాళ్లందరినీ గుడిలో కూర్చోబెట్టి, ఎవరు ఏ ఊరు వెళ్లాలో పేరుపేరునా చదువుతారు. భార్యలు పసిబిడ్డలతో కూర్చుని వింటారు. ఆ సాయంత్రం పిలుపు అందనివాళ్లూ ఉంటారు, వాళ్లకు మాలాంటి ఎదురుచూపే. అక్కడ విద్యార్థుల కుటుంబాల కోసం తిండి సామాను ఇచ్చే కేంద్రాలు కళాశాలల్లోనే నడుస్తాయి. ఊళ్లలోని సంఘాలవాళ్లు పంపిన సరుకులతో, డబ్బుతో అవి నిండుతాయి. ఆ సంగతి విన్నప్పుడు నాకు మా అత్తమ్మ బియ్యం డబ్బా గుర్తొచ్చింది.

మాకూ ఆర్డరు వచ్చింది. మాచర్ల వైపు ఒక పారిష్. కబురు తెలిసిన రోజు అత్తమ్మ కోడి కూర వండి, ఏడున్నరకే వడ్డించింది. మినీ లారీలో సామాను ఎక్కించేటప్పుడు ఆవకాయ జాడీని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా నేను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఇంకా సగం పైగా ఉంది. కొత్త ఇంట్లో గ్యాసు పెట్టించుకోవడానికి కొంత సమయం పట్టింది. సంఘపు పెద్ద ఇంటి నుంచి అన్నం, పప్పు వచ్చాయి. వడ్డించుకునేటప్పుడు మా జాడీ మూత తీశాం. అన్నం తెచ్చిన ఆడవాళ్లు కూడా చెయ్యి చాపి ఒక ముక్క రుచి చూశారు. "ఏ కాయమ్మా?" అని అడిగారు. పాస్టరమ్మగా నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఇప్పుడు మా దగ్గరికి పని నేర్చుకోవడానికి కుర్ర అభ్యర్థులు వస్తుంటారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి. భార్యలు వంటింట్లోకి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడతారు. వాళ్లు ఏం అడగాలని వచ్చారో నాకు తెలుసు. నేను వాళ్లకు కత్తిపీట చూపించి, వంకాయలు తరగమంటాను. మాటలు వాటంతటవే వస్తాయి.

చివరగా, వింటున్న మీకొక మనవి. మీ సంఘంలోనో, మీ వీధిలోనో ఇలాంటి కుటుంబం ఉండవచ్చు. పాస్టరు కుటుంబమే కానక్కర్లేదు. దారిలో కనబడగానే "ఇంకా రాలేదా?" అని అడగకండి. ఆ మాట వాళ్లు రోజూ వింటున్నారు. వస్తే వాళ్లే చెబుతారు. పిల్లవాడికి ఏ కూర ఇష్టమో అడగండి. మీ చెట్టు మునక్కాయలు కాస్తే నాలుగు పంపండి. ఆ ఇంటాయన్ని ఏదైనా పనికి సాయం పిలవండి. పిలిచిన రోజు భోజనం మీ ఇంట్లోనే పెట్టండి. ఇంకొన్నాళ్లలో మామిడికాయల బండ్లు వస్తాయి. మీరు ఆవకాయ పెట్టే రోజు వాళ్లనూ రమ్మనండి. వాళ్ల జాడీ వాళ్లే తెచ్చుకుంటారు.